దానం కోసం దూర సైకిలు యాత్ర: శరీరాన్ని సిద్ధం చేసుకోవడం ఎలా?



రోగుల సహాయార్థం డబ్బు కూడబెట్టడానికి దూరం సైకిలు తొక్కడం ఇప్పుడు చాలా దేశాలలో అలవాటైన సేవ. “నేను ఇంత దూరం తొక్కుతాను, మీరు ఈ రోగుల కోసం మీకు తోచినంత ఇవ్వండి” అని ఒక వ్యక్తి తన బంధువులను, తోటి ఉద్యోగులను, సంఘస్థులను అడుగుతాడు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో బిల్లీ స్టార్ అనే యువకుడు కేన్సరు వల్ల తల్లిని పోగొట్టుకున్నాడు. అతడు 1980లో 36 మందిని కూడగట్టుకొని స్ప్రింగ్‌ఫీల్డ్ నుండి సముద్రపు కొసన ఉన్న ప్రావిన్స్‌టౌన్ వరకు రెండు రోజులు సైకిలు తొక్కించి 10,200 డాలర్లు పోగుచేశాడు. పాన్-మాస్ ఛాలెంజ్ అనే పేరుతో ఆ యాత్ర నేటికీ ఆగస్టు మొదటి శని ఆదివారాల్లో జరుగుతోంది. వేలమంది తొక్కుతున్నారు. వచ్చిన సొమ్ము బోస్టన్‌లోని డానా-ఫార్బర్ కేన్సరు సంస్థకు వెళుతుంది.

ఆ సంస్థతో మన తెలుగువారికి ఒక సంబంధం ఉంది. దానిని స్థాపించిన డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947లో రక్త కేన్సరుతో ఉన్న పిల్లలకు అమైనోప్టెరిన్ అనే మందు ఇచ్చి చూశారు. 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. అంతకుముందు ఆ పిల్లలకు ఏ మందూ పనిచేసింది కాదు. ఆ మందును తయారుచేసి పంపినది లెడర్లీ కంపెనీలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళి, 1948లో అక్కడే మరణించారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ మాత్రను కీళ్ళవాతం కోసం వారానికొకసారి వేసుకునేవారు ఈ పత్రిక చదువరులలో కూడా ఉంటారు.

ఇలాంటి యాత్రల సంగతి విని మన సంఘాలలోని యౌవనస్థులు, వారికంటే ఉత్సాహంగా నలభై, యాభై ఏళ్ళ పెద్దలు, “మనమూ ఒకటి పెట్టుకుందాం, పేద రోగుల నిధికి కొంత చేరుతుంది” అంటూ ఉంటారు. మంచి ఆలోచనే. అయితే మంచి పని కోసం తొక్కుతున్నామని గుండెకు, మోకాళ్ళకు తెలియదు. పదిహేనేళ్ళుగా సైకిలు ముట్టని మనిషి ప్రార్థన చేసుకొని ఒక్కసారిగా 100 కిలోమీటర్లు బయలుదేరితే అది విశ్వాసం కాదు, తొందరపాటు. సేవ యాత్ర రోజున మొదలు కాదు, దానికి మూడు నెలల ముందే మొదలవుతుంది. అందుకే ఈ పాఠం.

ముందుగా ఎవరు డాక్టరును కలవాలి?

నలభై దాటినవారు, పొగ త్రాగేవారు, బి.పి., షుగరు, కొలెస్టరాల్ ఉన్నవారు, స్టెంటు లేదా బైపాస్ చేయించుకున్నవారు, తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు తప్పక పరీక్ష చేయించుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు రొమ్ములో బిగువు, ఆయాసం, కళ్ళు తిరగడం ఎప్పుడైనా వచ్చి ఉంటే వయసుతో పని లేదు, ముందు చూపించుకోవాలి. మన దేశస్థులకు గుండెజబ్బు పాశ్చాత్యుల కంటే ముందు వయసులోనే వస్తున్నదని మరచిపోకండి. “మొన్ననే ఇ.సి.జి. తీయించాను, బాగుంది” అని కొందరు సరిపెట్టుకుంటారు. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన శ్రమలో గుండెకు రక్తం సరిగా అందుతుందని చెప్పలేము. అవసరమనుకుంటే డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష వ్రాస్తారు.

స్త్రీలు రక్తహీనత పరీక్ష కూడా చేయించుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తం తక్కువగా ఉంది. హిమోగ్లోబిన్ 9 ఉన్న సోదరి ఎంత అభ్యాసం చేసినా ఆయాసపడుతూనే ఉంటుంది. ఆమెకు ముందు ఐరన్ మాత్రలు కావాలి, సైకిలు తరువాత.

శరీరంలో జరిగేదేమిటి?

అభ్యాసం మొదలుపెట్టిన మొదటి రెండు వారాలలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. గుండె ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. మునుపు ఆయాసం తెప్పించిన వంతెన ఇప్పుడు సులువుగా ఎక్కేస్తాము. తరువాతి వారాలలో తొడ కండరాలలో సన్నని రక్తనాళాలు కొత్తగా ఏర్పడతాయి, కొవ్వును కాల్చి శక్తిగా మార్చే శక్తి పెరుగుతుంది. అన్నిటికంటే ఆలస్యంగా గట్టిపడేవి కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు. చిక్కు ఇక్కడే ఉంది. నాలుగైదు వారాలకు ఊపిరి బాగా అందుతుంది గనుక మనిషి ఉత్సాహపడి దూరం రెట్టింపు చేస్తాడు. మోకాలి చిప్ప క్రింది స్నాయువు ఇంకా సిద్ధంగా ఉండదు. ఫిజియోథెరపీ గదికి వచ్చే సైకిలు మోకాళ్ళలో చాలా భాగం ఇలా వచ్చినవే.

ఈ మార్పులన్నీ తొక్కుతున్నప్పుడు జరగవు, తరువాత విశ్రాంతిలో, నిద్రలో జరుగుతాయి. 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త అలసి చెట్టు క్రింద పడుకున్నప్పుడు ఏం జరిగిందో చూడండి. దూత అతనికి రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ తినిపించిన తరువాతే నలభై దినాల ప్రయాణానికి పంపాడు. ఆ వరుస ఏ వైద్యుడైనా ఒప్పుకునేదే.

పద్నాలుగు వారాల అభ్యాసం

ఒక్కరోజులో 100 కి.మీ. యాత్ర అనుకుందాం. గంటకు 15 కి.మీ. చొప్పున తొక్కినా 6 గంటల 40 నిమిషాలు సీటు మీద ఉండాలి. ఆగే సమయం కలుపుకుంటే ఎనిమిది గంటల పని. దీనికి పద్నాలుగు వారాలు కేటాయించండి. ఇప్పటికే రోజూ సైకిలు మీద పనికి వెళ్ళే సోదరులకు పది వారాలు చాలు. నిజానికి మన సంఘాలలో ఈ యాత్రకు అందరికంటే సిద్ధంగా ఉన్నవారు వారే, కాని వారిని ఎవరూ అడగరు.

వారంలో మూడు రోజులు 30 నుండి 45 నిమిషాలు తొక్కండి. నాలుగవ రోజు, అంటే శనివారం ఉదయం, కాస్త దూరం వెళ్ళండి. ఆ శనివారపు దూరమే మెల్లగా పెరగాలి. మొదటి వారం 15 కి.మీ., తరువాత 20, 25, నాలుగవ వారం తగ్గించి 18. ఆ తరువాత 30, 36, 42, మళ్ళీ తగ్గించి 28. తొమ్మిదవ వారం 50, పదవ వారం 60, పదకొండున 40, పన్నెండవ వారం 75. అక్కడితో ఆపండి. 75 సుఖంగా తొక్కినవారు 100 తొక్కగలరు, ముందుగా 100 తొక్కి చూసుకోనక్కరలేదు. పదమూడవ వారం 40. చివరి వారం రెండుసార్లు అరగంట చొప్పున తొక్కి, నిద్రపోయి, యాత్రకు రండి. తగ్గించే వారాలను సోమరితనమని కొట్టివేయకండి. రెండు రోజుల యాత్ర అయితే తొమ్మిదవ వారం నుండి శుక్రవారం కూడా సగం దూరం తొక్కాలి. ఎందుకంటే రెండవ రోజు ఉదయం నొప్పులతో సీటు మీద కూర్చోవడం ఒక ప్రత్యేకమైన విద్య. ఆ అమెరికా యాత్రలో పొడవైన మార్గం వారు రెండు రోజులలో సుమారు 300 కి.మీ. తొక్కుతారు.

ఎంత జోరుగా తొక్కాలి? ప్రక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఉండాలి. బి.పి. కోసం అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి ఎక్కువగా పెరగదు గనుక చేతి గడియారంలో కనిపించే అంకెలు వారిని మోసగిస్తాయి. వారికి ఈ మాటల పరీక్షే మంచిది.

జ్వరం, ఒళ్ళునొప్పులు ఉన్న రోజు తొక్కవద్దు. వైరస్ జ్వరంలో బలవంతపు శ్రమ గుండె కండరానికి ప్రమాదం. ఒక వారం పోతే పోయింది.

సైకిలు, సీటు, చేతులు

ఖరీదైన సైకిలు అవసరం లేదు. సరైన ఎత్తు అవసరం. సీటు మీద కూర్చొని మడమను అడుగున ఉన్న పెడల్ మీద పెట్టినప్పుడు మోకాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మన ఊళ్ళలో చాలామంది రెండు కాళ్ళూ నేలకు ఆనేలా సీటు దించుకుంటారు, మోకాలి ముందు నొప్పికి అదే కారణం. చిటికెన వ్రేలు, దాని ప్రక్క వ్రేలు తిమ్మిరెక్కితే అరచేతిలో నరం నొక్కుకుంటున్నదని అర్థం. హ్యాండిల్ పట్టు మార్చుకుంటూ ఉండండి. తొడల మధ్య తిమ్మిరి వస్తే పదిహేను నిమిషాలకొకసారి పెడళ్ళ మీద లేచి నిలబడండి, సీటు ముక్కు పైకి ఎత్తి ఉందేమో చూడండి. పురుషులు ఈ సంగతి సిగ్గుపడి చెప్పరు. చెప్పాలి.

హెల్మెట్, ముందు వెనుక లైట్లు లేకుండా తెల్లవారుజామున బయలుదేరవద్దు. జాతీయ రహదారి మీద అభ్యాసం వద్దు, కాలువ గట్టు రోడ్లు, ఊరి రోడ్లు మేలు. కోత కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, కుక్కలు – ఈ మూడింటినీ గమనించండి. కోస్తాలో కొండలు లేవని చింత వద్దు. ఎదురుగాలి కొండతో సమానం.

తిండి, నీళ్ళు, ఎండ

కండరాలలో, కాలేయంలో నిలువ ఉండే చక్కెర సరుకు సుమారు 400 నుండి 500 గ్రాములు. గట్టిగా తొక్కితే రెండు గంటలలో చాలావరకు ఖర్చవుతుంది. అప్పుడు కాళ్ళు ఉన్నట్టుండి బరువెక్కి, తల తిరిగి, చిరాకు పుడుతుంది. కాబట్టి బయలుదేరడానికి రెండు గంటల ముందు ఇడ్లీ, ఉప్మా వంటిది తిని, మొదటి గంట తరువాత నుండి గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం కొంచెం కొంచెంగా తినాలి. ఒక మామూలు అరటిపండులో 25 గ్రాములు ఉంటుంది. వేరుశెనగ పట్టీ, ఖర్జూరం మంచివే. యాత్ర రోజున కొత్త తిండి ఏదీ ప్రయత్నించవద్దు. శనివారం అభ్యాసంలో తిన్నదే ఆ రోజు తినండి. ఉపవాస ప్రార్థన ఉన్న రోజున దూరం తొక్కవద్దు, రెండిటినీ వేరు వేరు రోజులకు పెట్టుకోండి.

నీళ్ళ విషయంలో రెండు వైపులా తప్పు జరుగుతుంది. త్రాగనివారికి వడదెబ్బ. దాహం లేకపోయినా బలవంతంగా లీటర్లు లీటర్లు త్రాగినవారికి రక్తంలో ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతులు, మగత, ఒక్కొక్కసారి ప్రాణాపాయం. ఎవరి చెమట ఎంతో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. తొక్కడానికి ముందు, తరువాత తువాలుతో తుడుచుకొని తూకం చూసుకోండి. ఒక కిలో తగ్గితే ఒక లీటరు లోటు. బరువు పెరిగితే అవసరానికి మించి త్రాగారన్నమాట. ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. నీళ్ళు రెండూ పనికివస్తాయి. బి.పి., గుండె నీరసం, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఉప్పు, నీళ్ళు ఎంతో తమ డాక్టరును అడిగే త్రాగాలి.

ఎండకు శరీరం అలవాటు పడడానికి పది నుండి పద్నాలుగు రోజులు పడుతుంది. అయినా మన ఏప్రిల్, మే ఎండలకు అలవాటు పడాలని చూడడం అవివేకం. డిసెంబరు, జనవరి నెలల్లో యాత్ర పెట్టుకుంటే సెప్టెంబరులో అభ్యాసం మొదలవుతుంది. ఆ అమెరికా యాత్ర రెండవ రోజు ఆదివారం వస్తుంది. మనం శనివారం పెట్టుకుందాం. మర్నాడు ఆరాధనలో ఇబ్బంది లేకుండా కూర్చోగలిగితే సీటు ఎత్తు సరిగ్గా ఉన్నట్టే.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. నొప్పులు రాకుండా ముందుగానే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్ళలు వేసుకొని తొక్కేవారున్నారు. నీరు తగ్గిన శరీరంలో ఈ బిళ్ళలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. బిళ్ళతో తప్ప తొక్కలేని మోకాలు ఆ రోజు తొక్కరాదు.

షుగరు ఉన్నవారు తొక్కవచ్చా?

చాలామంది తొక్కవచ్చు. సైకిలు వారికి మంచిది కూడా. కాని మందు ఏదో తెలియకుండా తొక్కకూడదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర పడిపోయే భయం తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి భయం ఎక్కువ. దూరం తొక్కే రోజున ఆ మోతాదు తగ్గించాలా అన్నది డాక్టరు నిర్ణయించాలి. తొక్కే ముందు తొడలో ఇన్సులిన్ వేసుకోవద్దు, పనిచేసే కండరం దగ్గర అది త్వరగా రక్తంలో కలుస్తుంది. పొట్టలో వేసుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి. తిండి తక్కువై శ్రమ ఎక్కువైనప్పుడు రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదమూ ఉంది. వీటిని యాత్రకు ముందు ఆపాలేమో తప్పక అడగండి.

బయలుదేరే ముందు చక్కెర 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండు తిని, మళ్ళీ చూసుకొని కదలండి. 250 దాటితే ఆ రోజు దూరం వద్దు, డాక్టరును కలవండి. దారిలో చెమట, వణుకు, తికమక, అకారణ కోపం కనిపిస్తే ఆగి మూడు టీ చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. ప్రక్కన తొక్కేవారికి ఈ లక్షణాలు ముందే చెప్పి ఉంచండి, ఆ సమయంలో రోగి తనంతట తాను గుర్తించలేకపోవచ్చు. పాదాలలో స్పర్శ తగ్గినవారు ప్రతిసారీ దిగాక సాక్సు విప్పి అరికాళ్ళు, వ్రేళ్ళ సందులు చూసుకోవాలి. కంటి వెనుక పొరలో రక్తస్రావం ఉన్నవారికి కంటి డాక్టరు అనుమతి కావాలి.

కిలోమీటరు లెక్కన కానుక వద్దు

యాత్ర నడిపే పెద్దలకు ఒక మాట. “కిలోమీటరుకు ఇన్ని రూపాయలు” అని చందా వ్రాయించుకోవద్దు. చూడడానికి ఉత్సాహంగా ఉంటుంది గాని వైద్యపరంగా ఇది చెడ్డ పద్ధతి. అరవయ్యవ కిలోమీటరు దగ్గర రొమ్ములో బరువు అనిపించిన మనిషి, తాను దిగిపోతే పేద రోగికి రావలసిన డబ్బు తగ్గిపోతుందని తలచి ఆగడు. ఆ బలవంతం మనం అతని మీద పెట్టకూడదు. పాన్-మాస్ యాత్రలో ఎంచుకున్న మార్గాన్ని బట్టి కనీస మొత్తం ముందే నిర్ణయించి ఉంటుంది, ఆ రోజు ఎన్ని మైళ్ళు తొక్కారన్న దానితో సంబంధం లేదు. మనమూ చందా మొత్తాన్ని ముందే వ్రాయించుకొని, వ్యాను ఎక్కినవాడి కానుక కూడా పూర్తిగా నిధికి చేరుతుందని అందరి ఎదుట ప్రకటించాలి. వెనుక ఒక వ్యాను, అందులో నర్సు, గ్లూకోమీటరు, నీళ్ళు తప్పనిసరి. రొమ్ములో బిగువు, ఎడమ చేతికో దవడకో ప్రాకే నొప్పి, ఉన్నట్టుండి చల్లని చెమట, స్పృహ తప్పడం – వీటిలో ఏది కనిపించినా గ్యాసని ఊరుకోక 108కి ఫోను చేయాలి.

యాత్ర ముగిసిన తరువాత

దిగీ దిగగానే కూలబడకుండా పది నిమిషాలు మెల్లగా నడవండి. గంటలోపు అన్నం, పప్పు, పెరుగు, గ్రుడ్డు ఏదైనా తినండి. తొడల నొప్పి రెండవ రోజున ఎక్కువై నాలుగు రోజులలో పోతుంది. మూత్రం నల్లని టీ డికాషను రంగులో వస్తే, లేదా ఆరు గంటలైనా రాకపోతే, కండరం కరిగి కిడ్నీకి అడ్డుపడుతున్నదేమో చూడాలి గనుక ఆ రాత్రే ఆసుపత్రికి రండి. షుగరు మందు తగ్గించుకున్నవారు తిరిగి ఎప్పుడు పెంచాలో ముందే వ్రాయించుకోండి. శ్రమ తరువాత 24 గంటల వరకు చక్కెర పడిపోవచ్చు, ముఖ్యంగా నిద్రలో. ఇన్సులిన్ వాడేవారు పడుకునే ముందు పరీక్ష చేసుకొని, తక్కువగా ఉంటే ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు తీసుకోండి. తెల్లవారుజామున మూడు గంటలకు ఒకసారి లేపి చూడమని ఇంట్లోవారికి చెప్పి పడుకోండి.